బర్చ్ అడవిలో మారుపలుకు

దామోదర్ బాల్చీ మూత తీసి, అందులోని చెట్టునీళ్ళను కావిడి డబ్బాలోకి వంచి, మూత మళ్ళీ బిగించి, అడవిలోకి తలెత్తి కేకేశాడు.

"ఓయ్!"

మిట్ట మీదినుంచి నరసింహ గొంతు వచ్చింది. "ఓయ్. ఉన్నానొరే."

అప్పుడుగానీ దామోదర్ రెండో చెట్టు దగ్గరికి కదలడు. అలాస్కాలో ఏప్రిల్ చివర, మంచు మెత్తబడే రోజుల్లో బర్చ్ చెట్లకు నీరెక్కుతుంది. తెల్లటి బెరడుకు బెజ్జం వేసి చిన్న గొట్టం దిగ్గొడితే రసం చుక్కచుక్కగా బాల్చీలోకి దిగుతుంది. కింద పాకలో మార్త పెద్ద పెనాల్లో దాన్ని కాచి పాకం తీస్తుంది. అడవి ఆవిడదే. ఎలుగుబంట్లు చలికాలపు నిద్ర లేచేదీ ఆ రోజుల్లోనే. మనిషి గొంతు వింటే పక్కకు తప్పుకుంటాయని మొదటి ఏడే చెప్పింది. కేకలు వెయ్యడం అప్పటినుంచీ అలవాటు.

దామోదర్ భయం ఎలుగుతో మొదలైంది కాదు. భీమిలి దగ్గర తాటిచెట్లకు కల్లు గీసే తండ్రి, నడుముకు కట్టుకున్న మోకు తెగి అతని కళ్ళముందే పడిపోయాడు. ఆ తరవాత దామోదర్ ఏ చెట్టూ ఎక్కలేదు. ఓడలో వంటపనికి కుదిరి, సముద్రానికి జడుస్తూనే ఏళ్ళకేళ్ళు కూరలు ఉడికించాడు. ఇంజను గదిలో పనిచేసే నరసింహ డెబ్బై నాలుగులో సియాటిల్ రేవులో "దిగిపోదాం రా" అన్నప్పుడు, ఓడలో ఒంటరిగా మిగలడానికి భయపడి వెంట దిగాడు. ఇద్దరికీ అమెరికాలో ఉండే కాగితాలు లేవు. అలాస్కా చేరారు. వేసవిలో చేపల ఫ్యాక్టరీ, చలికాలం హోటల్లో గిన్నెలు కడగడం, వసంతంలో ఈ అడవి. యూనిఫాం కనబడితే, అది పోస్ట్‌మాన్‌దే అయినా, దామోదర్ రోడ్డు దాటి అవతలికి పోయేవాడు. నరసింహ నవ్వేవాడు. కానీ కేకకు బదులివ్వడం మాత్రం ఏనాడూ మానలేదు.

ఆ పొద్దున మంచులో ఎలుగు అడుగులు కనబడ్డాయి. నరసింహ వంగి చూశాడు.

"పాతవిరా. అంచులు కరిగిపోనాయి. నువ్వు కిందన సూసుకో, నేను మీదికెల్తాను."

ఎక్కుతూ ఒకచోట ఆగి ఎడమ భుజం నొక్కుకున్నాడు. కావిడి నొప్పి అనుకున్నాడు దామోదర్.

ఎండ చెట్ల నెత్తికెక్కింది. దామోదర్ ఇంకో బాల్చీ వంచి కేకేశాడు. బదులు లేదు. మళ్ళీ కేకేశాడు. చుట్టూ బాల్చీల్లో చుక్కలు పడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ఒక చెట్టు వెనక్కి జరిగి, బెరడుకు చెంప ఆనించి నిలబడ్డాడు. కింద పాక పొగ కనబడుతూనే ఉంది. మార్త దగ్గర తుపాకీ ఉంది. కావిడి దించేసి పొగవైపు నడిచాడు.

నాలుగడుగులు వేసి ఆగాడు. వాడు పిలుస్తుంటే నాకే వినబడడం లేదేమో అనిపించింది.

బాల్చీ మూతలు రెండు తీసుకుని ఒకదానితో ఒకటి కొడుతూ మిట్ట ఎక్కాడు. ప్రతి పొద వెనకా నల్లగా ఏదో కదిలినట్టే ఉంది. గొంతు బొంగురుపోయేదాకా అరుస్తూనే ఉన్నాడు.

నరసింహ ఒక బర్చ్ మొదట్లో కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నాడు. గడ్డం ఛాతీమీదికి వాలింది. నెత్తురు లేదు, గోళ్ళ గీతలు లేవు. దామోదర్ అతని బుగ్గ తాకి చూశాడు. ఇంకా పూర్తిగా చల్లబడలేదు.

"ఓయ్," అన్నాడు చెవి దగ్గర, నెమ్మదిగా. "పలకవేటిరా?"

మూతల చప్పుడు విని మార్త తుపాకీతో వచ్చింది. నరసింహ మెడమీద వేళ్ళు పెట్టి చూసి, టోపీ తీసేసింది. గుండె ఆగిపోయి ఉంటుందంది. కాసేపటికి, దామోదర్ మొహం చూడకుండా చెప్పింది. "రేడియోలో పోలీసుల్ని పిలవాలి. నువ్వు ఏటి అవతలి గుడిసెకు వెళ్ళిపో. ఇతనొక్కడే పనిచేస్తున్నాడని చెబుతాను."

దామోదర్ లేచాడు. పదడుగులు పోయాడు కూడా. అక్కడ నిలబడిపోయాడు. ఇక్కడ నరసింహ పేరు సరిగ్గా పలికేవాళ్ళు ఎవరూ లేరు. వాడి ఊరు తెలిసినవాళ్ళూ లేరు.

తిరిగొచ్చి నరసింహ పక్కన మంచులో కూర్చున్నాడు. "ఐ స్టే," అన్నాడు.

మంచుబండి మీద వచ్చిన పోలీసు పొడుగైన మనిషి. నడుముకి పిస్తోలు. ఆ బ్యాడ్జి చూడగానే దామోదర్ కూర్చున్నచోటే వెనక్కి జరిగాడు. అయినా నరసింహ పేరు చెప్పాడు, అర్థంకాకపోతే విడివిడిగా మళ్ళీ చెప్పాడు. ఊరు చెప్పాడు. తల్లి ఉందని చెప్పాడు.

"మరి నీ పేరు?"

దామోదర్ లేచి నిలబడ్డాడు. అదీ చెప్పాడు. ఓడ దిగి ఉండిపోయిన సంగతి అడక్కుండానే చెప్పాడు.

పోలీసు అన్నీ రాసుకున్నాడు. "రేపు స్టేషన్‌కి రావాలి," అన్నాడు.

"వస్తాను."

దామోదర్ నరసింహను బండి వెనక కట్టిన స్లెడ్జి మీదికి ఎత్తడానికి సాయం పట్టాడు. పక్కకి ఒరగకుండా దాని అంచు పట్టుకుని మిట్ట దిగాడు.

పైన, నరసింహ ఆరబెట్టుకున్న చేతితొడుగు ఒకటి కొమ్మకే ఉండిపోయింది. సాయంత్రం చలికి గడ్డకట్టి, ఐదు వేళ్ళూ విప్పుకుని అలాగే నిలబడింది.