పందొమ్మిదిన్నర అంగుళాలు

బావకు సస్పెన్షన్ కొత్త కాదు. బస్సు డ్రైవరుగా ఉన్న పాతికేళ్ళలో రెండుసార్లు సస్పెండయ్యాడు. రెండుసార్లూ తప్పు అవతలివాళ్ళదేనట. కానీ రిటైరయ్యాక కొనుక్కున్న మోటార్‌హోమ్‌కి సస్పెన్షన్ పోయిందంటే మాత్రం ఏడాదిపాటు ఒప్పుకోలేదు. మంచం, పొయ్యి, బాత్రూముతో సహా చక్రాల మీద తిరిగే ఆ ఇల్లు చిన్న గుంతలో పడితే ఆరుసార్లు ఊగేది. కుదురుగా ఉండాల్సిన కాపురం కుదుపుల పాలైంది. చివరికి నడుం పట్టేసిన అక్క, తమ్ముడి టైలరింగు కొట్టు ముందు సంచీతో సహా దిగిపోయింది.

"షాక్ అబ్జార్బర్లు మార్చేదాకా నేను ఎక్కను. ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో షాకులన్నీ మింగింది నేనొక్కదాన్నే!"

అందుకే ఆ మిట్టమధ్యాహ్నం, కొట్టు వెనక తారు పోసిన ఖాళీ జాగాలో, బావ బండి కింద వెల్లకిలా పడుకొని ఉన్నాడు. దర్జీ తమ్ముడు మెడలో టేపు, జేబులో కత్తెర వేసుకొని పక్కన గొంతుక్కూర్చున్నాడు. దర్జీయే గానీ బావ దగ్గర అతనికి దర్జా ఏనాడూ లేదు.

"ఎండ తగ్గాక చేద్దాం బావా. తారు మెత్తబడినట్టుంది, చెప్పులు అంటుకుంటున్నాయి."

"నీకు జాకెట్టు తెలుసు, జాకీ తెలీదు. స్పానరివ్వు."

వెనక ఎడమ చక్రం ఊడదీసి గోడకు ఆనించారు. ఆ పక్క బండి బరువంతా చట్రం కింద పెట్టిన మూడుకాళ్ళ ఇనప స్టాండు మీద ఉంది. ఇరుసును కాస్త పైకెత్తి పట్టుకోవడానికి జాకీ పెట్టారు. పాత షాక్ అబ్జార్బరు అప్పటికే బయటికొచ్చింది. ఒళ్ళంతా నూనె కారి, నొక్కితే ఎదురుతిరగడం ఎప్పుడో మరిచిపోయింది.

"ఇది అచ్చం మీ తమ్ముడే" అన్నాడు బావ కింద నుంచి. "ఎంత నొక్కినా పలకదు."

"కొత్తది పలుకుతుందిలెండి" అంది అక్క, నీడలో స్టూలు మీద కూర్చొని.

ఆమె ఆ చక్రాల ఇంట్లోకి వెళ్ళడానికి లేదు. కిందటేడు బావ ఇలాగే కింద పనిలో ఉంటే, పొయ్యి మీద పాలు గుర్తొచ్చి మామూలుగా తలుపు తీసుకొని లోపలికి నడిచింది. ఇల్లు ఊగింది, బావ నుదురు బొప్పి కట్టింది. అప్పట్నుంచీ బావ కిందికి దూరే ముందు ఇంటికి తాళం వేసి, ఆ తాళంచెవి వెనక జేబులో పెట్టుకుంటాడు. రెండో స్టాండు కూడా లోపలే, మంచం కిందే ఉంది. ఒక పక్కకు ఒకటి చాలన్నాడు.

దర్జీకి చేతులు ఊరుకోవు. బండి కింద సందు కనపడకుండా గుడ్డ కుట్టి కడితే బాగుంటుందని అక్క అంటే, పొద్దున్న బండిని స్టాండెక్కించగానే ఆ పక్క అంచుకూ నేలకూ మధ్య కొలిచాడు. పందొమ్మిదిన్నర. ఆ అంకెను సుద్దతో బండి ఒంటి మీదే రాశాడు.

ఇప్పుడు స్పానరు అందించి కళ్ళెత్తితే ఆ అంచు అతనికి నచ్చలేదు. ఎందుకో చెప్పలేడు. వేసుకున్న చొక్కా ఒక భుజం దిగితే ఎలా కనిపిస్తుందో అలా ఉంది. టేపు పెట్టాడు.

"బావా, కాలంగుళం తగ్గింది."

"ఏంటి తగ్గేది?"

"బండి. పందొమ్మిదింబావే ఉంది."

"నీ టేపు సాగుంటుంది."

"టేపు సాగితే అంకె తగ్గుతుంది, నిజమే... కానీ పొద్దున్న కూడా ఇదే టేపు బావా. బయటికి రండి."

"కింద బోల్టు బెజ్జంలోకి సగం వచ్చింది. ఇప్పుడు వదిలితే మళ్ళీ మొదటికొస్తుంది. నోరు మూసుకొని చూస్తూ కూర్చో."

దర్జీ నోరు మూసుకున్నాడు, చూశాడు. స్టాండు కాళ్ళ చుట్టూ తారు పెదవుల్లా ఉబ్బి పైకి లేచింది. కాళ్ళ పాదాలు కనపడటం లేదు. ఇందాక కనపడ్డాయి. మళ్ళీ కొలిచాడు. పందొమ్మిది.

బావ ఎడమ చెయ్యి ఎక్కడుందో అప్పుడు చూశాడు. చట్రం కింద ఒక రబ్బరు దిమ్మ వేలాడుతుంది. బండి మరీ దిగితే ఇరుసు వచ్చి దానికే గుద్దుకుంటుంది. ఇరుసుకూ ఆ రబ్బరుకూ మధ్యలోంచే బావ చెయ్యి అవతలికెళ్ళి నట్టు పట్టుకొని ఉంది. ఆ సందు ఇప్పుడు మణికట్టు మందానికి కాస్త ఎక్కువ, అంతే.

"బావా, చెయ్యి తియ్యండి."

"ఒక్క చుట్టు..."

"తియ్యండి!"

బావ లాగాడు. రాలేదు. ఇంకోసారి లాగాడు. చొక్కా చెయ్యి, బొత్తాం పెట్టిన మణికట్టు పట్టీతో సహా, రబ్బరు కింద ఇరుక్కుంది. కింద నుంచి వచ్చిన గొంతు వేరేగా ఉంది.

"ఒరేయ్... లోపల రెండో స్టాండుంది. తే."

"తాళంచెవి?"

"వెనక జేబులో. దాని మీదే పడుకున్నా."

"ఏమండీ!" అక్క లేచి నిలబడింది. స్టూలు వెనక్కి పడిపోయింది. "జాకీ దించరా తమ్ముడూ!"

"వద్దు! జాకీ పక్కకి ఒరిగింది. ముట్టుకుంటే ఎటు జారుతుందో. ముందు బండి అద్దం పగలగొట్టి..."

"నోర్ముయ్యి బావా!" అన్నాడు దర్జీ. "కదలకు. ఒక్క మాట మాట్లాడకు."

పదిహేనేళ్ళలో బావను 'నువ్వు' అనడం అదే మొదలు. ఎవరూ గమనించలేదు. గోడకున్న చక్రాన్ని దొర్లించుకొచ్చి, పడేసి, కాళ్ళతో తన్ని చట్రం కిందికి తోశాడు. పడుకున్న చక్రం మందం ఎనిమిదంగుళాలు. కంటితోనే లెక్క కట్టాడు. చట్రానికింకా పదంగుళాలు ఖాళీ.

"అక్కా, కొట్టు మెట్టు కింద చెక్కదిమ్మ! తొమ్మిదంగుళాలుంటుంది. తే!"

నడుం పట్టేసిన అక్క, ఆ దిమ్మను మామూలుగా ఇద్దరు మోస్తారని ఎవరూ గుర్తు చెయ్యకపోవడం వల్ల, ఒక్కతే ఎత్తుకొచ్చింది. దర్జీ దాన్ని చక్రం మీద పెట్టి చట్రం కిందికి నెట్టాడు. పైన అంగుళం సందు. కింద స్టాండు 'కిర్ర్' మంది. ఆ అంగుళం సందు ముప్పావంగుళమయింది.

అప్పుడు అతను కిందికి పాకాడు.

లోపల తారు వాసన, నూనె వాసన, బావ చెమట. మొహం మీద మొహం పెట్టినంత దగ్గరగా బావ కళ్ళు. ఆ కళ్ళలో ఎగతాళి లేదు. దర్జీ కత్తెర తీశాడు. కత్తెర మొన దూర్చడానికి చర్మానికీ గుడ్డకీ మధ్య దారం పట్టేంత చోటుంది.

"పోయినేడాది నేను కుట్టిన చొక్కా ఇది" అన్నాడు, మొన దూరుస్తూ. "కుట్టు మీద కుట్టు వేశాను. చిరగదు."

"ఎందుకేశావురా..."

"నువ్వే గట్టిగా కుట్టమన్నావ్."

చిరగలేదు. కత్తిరించాల్సి వచ్చింది. మోచేతి నుంచి మొదలుపెట్టి, నిలువుగా, తన కుట్టును తనే తెగ్గోసుకుంటూ మణికట్టు దాకా వచ్చాడు. పట్టీ దగ్గర నాలుగు పొరలు. కత్తెర పట్టలేదు. రెండోసారి నొక్కాడు. పట్టలేదు. మూడోసారి రెండు చేతులా నొక్కితే తెగింది. బావ చెయ్యి జారి బయటికొచ్చింది. అక్క ఒకరి కాలూ ఇంకొకరి కాలూ పట్టుకొని లాగింది. ఎవరి కాలు ఎవరిదో ఆమె చూసుకోలేదు.

ముగ్గురూ గోడ దగ్గరికి చేరేసరికి స్టాండు పక్కకి ఒరిగింది. ఇల్లు ఒక్కసారి 'ధన్' మని దిమ్మ మీద కూర్చుంది. లోపల గిన్నెలన్నీ కింద పడ్డాయి.

బావ మణికట్టు చుట్టూ ఎర్రటి గీత పడింది. వేళ్ళు ఆడించి చూసుకున్నాడు. అయిదూ ఆడాయి. అక్క ఆ చేతిని పట్టుకొని, తిట్టాలో ఏడవాలో తేలక, వెనక జేబులోంచి తాళంచెవి తీసి తన సంచీలో వేసుకుంది.

"నన్ను నోర్ముయ్యమన్నావు" అన్నాడు బావ.

"అన్నాను... తప్పయిపోయింది బావా."

"తప్పని అన్నానా?"

ఎండ వాలింది. తారు గట్టిపడేదాకా ఆగారు. మళ్ళీ జాకీ ఎక్కించారు. ఈసారి స్టాండు కింద మందపాటి పలక, పక్కన రెండో స్టాండు, ఆ పక్కన చక్రమూ దిమ్మా. బావ ఒంటిచేతి చొక్కాతో, స్పానరు పట్టుకొని, బండి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు గానీ కిందికి దూరలేదు.

"ఎంతుంది?"

దర్జీ టేపు పెట్టాడు. "పందొమ్మిదిన్నర."

బావ గడియారం చూసుకున్నాడు. అయిదు నిమిషాలు ఆగాడు. స్పానరును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"ఇప్పుడు?"

"పందొమ్మిదిన్నర."

"నీ టేపు సాగలేదు కదా?"

"లేదు బావా."

బావ పడుకున్నాడు. తల అంచు కిందికి పోయింది, భుజాలు పోయాయి. అక్కడ ఆగాడు.

"ఇంకోసారి కొలువు" అన్నాడు లోపలి నుంచి. "కొలుస్తూనే ఉండు."