తీగ కేసు

పంచాయతీ ఆఫీసులో ఫ్యాను తిరుగుతున్నా హెప్సిబాకి చెమటలు పోస్తున్నాయి. ఎల్లుండే పంద్రాగస్టు. ఊరి సమరయోధుల పేర్లు చెక్కాల్సిన రాయి బయట వరండాలో ఉంది. దాని పక్కనే, తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన రాతిపనివాడు చిట్టిబాబు పేర్ల కాగితం కోసం కాచుకుని కూర్చున్నాడు.

ఊరి హైస్కూల్లో తెలుగు టీచరని ఆ కాగితం రాసే పని హెప్సిబాకి అప్పగించారు. ఆమె ఒక పేరు ఎక్కువ రాసింది.

"ఎలీయాజరు పేరెందుకండీ టీచరుగారూ?" అన్నారు కమిటీ పెద్ద సూర్యప్రకాశరావుగారు. ఎనభై దాటిన మనిషి. జాబితాలో మొదటి పేరు ఆయన తండ్రిది. "తీగల దొంగ కదండీ. కోర్టే తేల్చిందిగా."

గుమ్మం దగ్గర నిలబడ్డ పాపమ్మ తల దించుకుంది. ఆమె ఎలీయాజరు మనవరాలు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ వింటున్న మాటే అది.

హెప్సిబా ఏలూరు వెళ్లి తెచ్చుకున్న తీర్పు నకలు తీసింది. ఆయన ముందు బల్ల మీద పరిచింది. స్కూలు కమిటీకీ ఆయనే పెద్ద.

"నలభైరెండులో కాలవ వంతెన దగ్గర టెలిగ్రాఫ్ తీగ తెంపారండీ. ఇద్దరూ కలిసే తెంపారు. కేసూ ఒకటే. మీ నాన్నగారి మీద రాజద్రోహం అని రాశారు, ఎలీయాజరుగారి మీద దొంగతనం అని రాశారు. కూలివాడికి దేశం గొడవేంటి, అమ్ముకోడానికే తెంపాడన్నాడు తీర్పిచ్చిన దొర. ఆ దొర మాటనే మనం ఇంకా అంటున్నామండీ."

సూర్యప్రకాశరావుగారి దవడ బిగుసుకుంది.

"మరి మా నాన్నగారేం చెప్పారు?"

"'అతను నాతో వచ్చింది దేశం కోసం' అని కోర్టులో చెప్పారండీ. దొర నమ్మలేదు. మీ నాన్నగారికి ఆరు నెలలు, ఎలీయాజరుగారికి రెండేళ్లు జైలు వేశాడు."

పెద్దాయన ఆ తీర్పు నకలు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు.

"దొర ముందు చెప్పినాయన ఊళ్లో ఎందుకు చెప్పలేదో," అన్నారు చివరికి. ఆయన మెల్లగా లేచి గుమ్మం దాకా వెళ్లారు. "నేనూ అన్నానమ్మా ఆ మాట."

"అన్నారండీ," అంది పాపమ్మ. "నాట్లప్పుడు, అందరి ముందూ."

ఆయన తల వంచుకున్నారు. పేర్ల కాగితం తీసుకుని వరండాలోకి వెళ్లి చిట్టిబాబు చేతిలో పెట్టి, "ఇద్దరి పేర్లూ ఒకే వరసలో చెక్కు," అన్నారు.

పాపమ్మ అప్పటికే రాయి పక్కన కూర్చుంది.

"మా తాత పేరులో లీకి దీర్ఘం ఉంటుంది బాబూ," అంది చిట్టిబాబుతో. "చూసి చెక్కు."