అంకెల్లో లేని రంగు

కుంచెను గ్లాసు నీళ్లలో ముంచి, పాతచీర పేలికకు ఒత్తి, సిద్ధమ్మ మళ్లీ తన ముక్కు దగ్గరికి వచ్చింది. పెరటి వసారాలో ప్లాస్టిక్ స్టూలు, దాని మీద అట్టకు బిగించిన గుడ్డ, ఆ గుడ్డ మీద సిద్ధమ్మ మొహం. మొహమంతా చిన్న చిన్న మడులుగా గీసి ఉంది. ఒక్కో మడిలో ఒక్కో అంకె. ఏ అంకె ఉంటే ఆ అంకె డబ్బీలోని రంగు పూయాలి. ఎవరైనా అలాగే పూస్తారు. సిద్ధమ్మ మాత్రం ఎడమ ముంజేతిని బొమ్మ పక్కన పెట్టి, ఆ నలుపునూ కుంచె మీది నలుపునూ మార్చి మార్చి చూసుకుని, చాలదనిపిస్తే ఇంకో బొట్టు కలుపుకుని, అప్పుడు పెడుతోంది. కిట్‌తో వచ్చిన డబ్బీలు మూత కూడా తీయకుండా కిటికీలో ఉన్నాయి.

ఈ అంకెల బొమ్మల పిచ్చి కోడలు ప్రశాంతి వల్ల వచ్చింది. ఆ పిల్ల ఫోన్లో చూసి ముచ్చటపడి ఒక కిట్ తెప్పించుకుంది. సముద్రం ఒడ్డున దీపస్తంభం. ఆకాశం పూర్తయ్యేసరికి మెడ పట్టేసి మూలన పడేసింది. మూలన పడేసిన వస్తువును చూస్తే సిద్ధమ్మకు ప్రాణం ఒప్పదు. ఆమెకు అక్షరాలు రావు గానీ అంకెలు వచ్చు. బస్సుల మీద, మామిడికాయల లారీల మీద చూసి చూసి నేర్చుకున్న అంకెలు. సముద్రాన్ని తనే పూర్తి చేసింది. ఆ తర్వాత పూలతోట, ఆ తర్వాత మంచు పడుతున్న ఏదో దేశపు వంతెన. తిరపతి దాటి ఎక్కడికీ పోని మనిషి, ఆ వంతెన మీద దీపాలు వెలిగించిన రోజున భోజనం కూడా మరిచిపోయింది. అంత సంతోషంగా ఉండింది ఆమెకు.

ఈ వయసులో బాలవాడి పిల్లలాగా రంగులేమిటని వీధిలో నవ్వారు. మగవాళ్లు పేకాడితే కాలక్షేపం, నేను రంగేస్తే పిచ్చా అని ఆమె ఎదురడిగింది. 

ఇప్పుడు వేస్తున్న బొమ్మ వెనక మాత్రం కాలక్షేపం లేదు. నడవలో గోడ మీద ఆమె మొగుడు మునిరత్నం ఫొటో ఉంది. పోయినప్పుడు మంచి ఫొటో దొరక్క, రేషను కార్డులోది తీసుకుపోయి స్టూడియోలో పెద్దది చేయించారు. స్టూడియో అబ్బాయి ఉదారంగా కోటు తొడిగాడు, టై కట్టాడు, మొహానికి ఆపిల్ పండు రంగు వేశాడు. బతికినన్నాళ్లూ బనీను మీదే తిరిగిన మనిషి, ఎండకు కాలి కాలి బొగ్గులా ఉండేవాడు. ఆ ఫొటోలో ఉన్న ఆయనతో సిద్ధమ్మ ఒక్కరోజు కూడా కాపురం చేయలేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. రంగు మాత్రం పుడకల మీదికి పోయిన మర్నాడే పోతుంది.

రేపు తన గతి కూడా అంతేనని ఆమెకు తెలుసు. ఆధార్ కార్డులో ఉలిక్కిపడ్డట్టున్న ఆ మొహాన్ని తీసుకుపోయి, తెల్లగా కడిగి, దండేస్తారు. రాబోయే తరాల పిల్లలు ఆ తెల్లావిడకు దండం పెట్టుకుంటారు. అది తలుచుకుంటే ఆమెకు ఒళ్లు మండేది. మన ఫొటో పంపిస్తే మన మొహాన్నే అంకెల బొమ్మగా చేసి పంపుతారని ప్రశాంతి చెప్పగానే, తెప్పించమని కొడుకు అమర్‌నాథ్‌ను కూర్చోనివ్వలేదు.

వాడు ఫోన్లో ఫొటో తీసి పంపాడు. వాడి ఫోను వాడికి తెలియకుండానే మొహాలకు మెరుగులు దిద్దే రకం. కిట్ వచ్చింది. సిద్ధమ్మ ఒక్కో డబ్బీ మూత తీసి చూసింది. మీగడ రంగు, గులాబి రంగు, లేత పసుపు. ఆమె దవడ కింద, ఎప్పుడో మామిడికాయ తొడిమె తుంచుతుంటే సొన చిమ్మి కాలిన మచ్చ ఒకటి ఉంది. గుడ్డ మీద ఆ చోట నున్నగా ఉంది.

"ఇది ఎవురి మొగం రా?" అని అడిగింది.

"నీదేమ్మా. అంకెల ప్రకారం ఏసుకుంటా పో, నీ మాదిరే వస్తాది."

"నేనెప్పుడన్నా ఈ రంగులో ఉండినానా?"

అమర్‌నాథ్ వెనక్కి పంపించి వేరేది తెప్పిస్తానన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. దీపస్తంభం కింది బండల రంగు, పూలతోటలో చెట్ల మొదళ్ల రంగు, వంతెన వెనక చీకటి రంగు, అన్నీ డబ్బీల అడుగున మిగిలే ఉన్నాయి. వాటిని కలిపి తన రంగు తనే చేసుకుంది. మరిది కుప్పయ్య వచ్చి చూసి, బతికున్న మనిషి పటం గోడకెక్కితే ఆయుష్షు తరుగుతుందని, ఇంటికి అరిష్టమని గోల పెట్టాడు. తరిగితే తరిగేది నాదే కదా, నీకేం నొప్పి అని ఆమె కాఫీ చేతికిచ్చింది.

ముక్కు పూర్తయింది. ఇంక ఎడమ చెంప మిగిలింది. కుంచె కడిగి, క్యారియరు తీసుకుని, సిద్ధమ్మ షేర్ ఆటో ఎక్కి మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి పోయింది.

బంగారుపాళ్యంలో సీజను ముమ్మరంగా ఉంది. తోతాపురి కాయల లారీలు హైవే దాకా బారులు తీరి ఉన్నాయి. షెడ్డులో తీపీ పులుపూ కలిసిన వాసన, ఆవిరి, మోటార్ల రొద. తొట్లో కడిగిన కాయలు బెల్టు మీద వస్తుంటే, తలకు టోపీలు పెట్టుకున్న ఆడవాళ్లు రెండు వైపులా నిలబడి, కుళ్లినవీ దోరవీ తీసి పక్కన క్రేట్లలో వేయాలి. మొగుడు బతికుండగానే సిద్ధమ్మ ఈ పనికి చేరింది. కూర్చునే వీలు లేని పని. సీజను అయిపోయాక కూడా కొన్నాళ్లు కలలో కాయలు దొర్లుతూనే ఉంటాయి.

ఆ రోజు మధ్యాహ్నం మళ్లీ గుండె పట్టేసి ఆమెకు ఊపిరి సరిగా ఆడలేదు. బెల్టు వదిలి ఖాళీ క్రేటు బోర్లించి కూర్చుంది. పక్కన పనిచేసే మునెమ్మ చూసి, ఈసారైనా ఆస్పత్రికి పొమ్మని తిట్టింది. సీజను పోనీ అంది సిద్ధమ్మ, ప్రతిసారీ అన్నట్టే. మాట మళ్లించడానికి బొమ్మ సంగతి ఎత్తింది. రంగు కుదిరిందని, ఒక్క చెంప తప్ప అంతా తనే ఉందని చెప్పింది.

మునెమ్మ కాసేపు తన చేతులు చూసుకుంది. "ఆ రంగు మిగిలితే పారేయబాకమే. నాది కూడా ఏద్దువులే" అంది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఎడమ చెంప పూసి ఉంది. మీగడ రంగు మీద గులాబి రంగు, అంకెల ప్రకారం, గీత దాటకుండా. నల్లటి మొహంలో ఆ చెంప ఒక్కటీ సున్నం పూసినట్టు ఉంది. ప్రశాంతి వంటింటి గడపలో నిలబడి ఉంది.

"ఒక్క చెంపన్నా సూస్తే నీకూ నచ్చుతాదేమోనని ఏసినా అత్తా. నలుగురూ వచ్చే ఇల్లు కదా."

సిద్ధమ్మకు కోపం వచ్చింది. కానీ ఆ పిల్ల చేతికి అంటుకున్న రంగును చూసింది. మెడ నొప్పి అని బొమ్మ మూలన పడేసిన పిల్ల, పగలంతా వంగి కూర్చుని ఒక్క గీత కూడా దాటకుండా వేసింది. ప్రేమతోనే వేసింది. అందుకని కేకలు పెట్టలేదు. స్టూలు ముందు కూర్చుని డబ్బీ మూత తీసి, గోధుమ రంగులో నలుపు కలుపుతూ చెప్పింది.

"పెండ్లిసూపులకు పౌడరు పూసి కూర్చోబెట్టినారు. పెండ్లి ఫొటోలో లైటేసి తెల్లంగా సేసినారు. సచ్చినాక కూడా సెయ్యాల్నా? ఈ నలుపుతోనే ఎండలో పని సేసినా, ఈ నలుపుతోనే నీ మొగుణ్ణి సాకినా. నాకు లేని సిగ్గు మీకెందుకు?"

తెలుపు మీద నలుపు ఒక్క పూతకు నిలవలేదు. ఆరనిచ్చి మళ్లీ పూసింది, మళ్లీ ఆరనిచ్చి పూసింది. మూడో పూతకు చెంప ఆమెదయింది. చివరికి దవడ కింద, ఏ గీతా ఏ అంకే లేని చోట, కుంచె కొసతో సొన మచ్చ పెట్టింది. అద్దం తెమ్మని చూసుకుని, చాలా సేపు నవ్వుకుంది.

ఆరగానే గోడకు తగిలించమంది. చిన్నాయన చూస్తే ఊరుకోడని అమర్‌నాథ్ తలుపు దగ్గర నసుగుతూ నిలబడ్డాడు. ఆమె మేకు తెచ్చుకుని, రోట్లో పొత్రం పట్టుకుని, స్టూలెక్కి తనే కొట్టింది. మొగుడి పక్కన కాదు, ఎదురు గోడకు.

"ఎదురుగా ఉండనీ. నేనైతే ఆయన్ని గుర్తుపట్టలేకుండా ఉండా. ఆయనన్నా నన్ను గుర్తుపడతాడు" అంది.

మర్నాడు తెల్లవారి టీ తాగడానికి సిద్ధమ్మ లేవలేదు. ప్రశాంతి లేపబోయి, చేయి చల్లగా తగిలి, అక్కడే కూలబడింది. నిద్రలోనే పోయింది. మొహంలో నొప్పి జాడ లేదు.

నేను చెప్పలేదా అని కుప్పయ్య వచ్చినవాళ్లందరి దగ్గరా పటం సంగతి ఎత్తాడు. గుండె జబ్బు మనిషి షెడ్డులో నిలబడి నిలబడి పోయిందని ఎవరూ అనలేదు. పెద్దవాడిగా తన బాధ్యత అనుకున్నాడు కాబట్టి, కుప్పయ్య ఎవరినీ అడగకుండా ఆధార్ కార్డు పట్టుకుని చిత్తూరు స్టూడియోకు పోయాడు. దినకర్మలు ముగించే కర్మంతరం నాడు వార్తాపత్రికలో చుట్టిన పెద్ద ఫ్రేము చంకన పెట్టుకుని వచ్చాడు. ఒక మూల కాగితం చింపి బంధువులకు చూపించాడు. పట్టుచీర కూడా కట్టించానన్నాడు. లక్ష్మీదేవిలా ఉందని ఎవరో అన్నారు. సిద్ధమ్మ వేసుకున్న పటం దించడానికి ఆయన స్టూలు జరుపుకున్నాడు.

ప్రశాంతి పోయి ఆ గోడకు వీపు ఆనించి నిలబడింది. ఆ ఇంట్లో పెద్దవాళ్లకు ఆమె అడ్డుచెప్పడం అదే మొదలు.

"ఆ ఫొటోలో ఉండే ఆమె నాకు తెలీదు చిన్నమామా. మా అత్త ఈడుండాది."

కుప్పయ్య అమర్‌నాథ్ వైపు చూశాడు. పెళ్లాన్ని అదుపులో పెట్టుకోమన్నట్టు చూశాడు. అమర్‌నాథ్ తలవంచుకుని, పళ్లెంలోంచి చామంతి దండ తీసి, పెళ్లాం భుజం మీదుగా చేతులు చాచి, తల్లి బొమ్మకు వేశాడు.

షిఫ్టు ముగించుకుని ఫ్యాక్టరీ ఆడవాళ్లు అప్పుడే వచ్చారు, ఒంటి నిండా మామిడిపండ్ల వాసనతో. అందరికన్నా ముందున్న మునెమ్మ గడపలోనే ఆగి, సిద్ధూ అని పేరు పెట్టి పిలిచి ఏడ్చింది.

భోజనాలు అయ్యాయి, బంధువులు బస్సులకు పోయారు, కుప్పయ్య విసురుగా వెళ్లిపోతూ ఫ్రేము మరిచిపోయాడో, కావాలనే వదిలేశాడో తెలియదు. బియ్యం డ్రమ్ము వెనక అది గోడకు ఆనించి ఉంది, పురికొస కూడా విప్పకుండా, చినిగిన మూలలోంచి ఇంత పట్టుచీర అంచు, ఎవరిదో తెల్లటి చెంప.