వాసన పోయిందా?

కారు బయట ఎంత తళతళలాడినా నేను నమ్మను. తలుపు తీసి లోపల చూస్తేగాని ఆ మనిషి ఎలాంటివాడో తెలియదు. ముత్తంగి సర్వీసు రోడ్డు పక్కన నా రేకుల షెడ్డులో పదకొండేళ్ళుగా ఇదే పని, కార్ల లోపల శుభ్రం చేయడం. ఇస్త్రీ మడత నలగని మేనేజర్ల సీట్ల కింద కూడా మిర్చి బజ్జీ ముక్కలు, పల్లీ పొట్టు దొరుకుతాయి. పిల్లలు కక్కితే ఓ గుడ్డతో తుడిచి, పైన సెంటు కొట్టి నెల రోజులు తిరుగుతారు. తర్వాత నా దగ్గరికొచ్చి "వాసన పోవాలె పెంటయ్యా, గంతే" అంటారు.

వాసన పోయిందో లేదో నాకు తెలియదు. ఈ సంగతి బయట ఎవరికీ చెప్పలేదు. ఈ షెడ్డు పెట్టకముందు పాశమైలారంలో ఓ ఫ్యాక్టరీలో రసాయనాల డ్రమ్ములు కడిగేవాణ్ణి. తొమ్మిదేళ్ళు కడిగాక, ఒకరోజు ఇంట్లో అన్నం మాడి బొగ్గవుతుంటే పొయ్యి పక్కనే కూర్చుని కూడా గమనించలేదు. నా ముక్కు పోయిందని అలా తెలిసింది.

అయినా దుకాణం ఎలా నడిచిందంటే, ముక్కు మా ఆవిడది. నేను సీట్లకు షాంపూ పట్టించి, బ్రష్షుతో రుద్ది, వాక్యూమ్‌తో తడి లాగి, మ్యాట్లు ఎండలో వేసి పక్కకు జరిగితే, కౌసల్య వచ్చి వెనక సీట్లో కూర్చునేది. అద్దాలన్నీ ఎక్కించి, కళ్ళు మూసుకుని, మహారాణిలా రెండు నిమిషాలు. తర్వాత తలుపు తీసి "పోయింది" అనేది. లేకపోతే "ఇంకున్నది, ఎడమ సీటు కింద జెర సూడు" అనేది. ఒక్కసారీ తప్పలేదు. "వీళ్ళింట్ల బాలింత ఉన్నట్టుంది" అని కూడా చెప్పేది. "నీకెందుకే, కారు సంగతి చెప్పు" అని కసురుకునేవాణ్ణి.

పోయిన ఎండాకాలం చివర నాలుగు రోజుల జ్వరంతో చనిపోయింది. ఇప్పుడు కసురుకోవడానికి కూడా ఎవరూ లేరు. మధ్యాహ్నం డబ్బా విప్పుకుని ఒక్కణ్ణే తింటాను. ఉప్పూ కారం తెలుస్తాయి, కూర ఏదో తెలియదు. కార్లకు మాత్రం షాంపూ రెండింతలు పట్టించి, "పోయింది సార్" అని ఎటో చూస్తూ చెబుతున్నాను. ఇంతవరకు ఎవరూ తగాదాకు రాలేదు.

మొన్న బుధవారం పొద్దున్నే ఓ పాత తెల్ల కారు వచ్చింది. నడుపుకొచ్చిన అమ్మాయి పేరు నిషిత, సంగారెడ్డి కోర్టులో ఉద్యోగం. కారు వాళ్ళ నాన్నది. ఆయన పోయి ఏడు నెలలయిందట. ఇంటి ముందు అలాగే నిలబెడితే, దిగి ఉన్న అద్దంలోంచి వాన పడి లోపలంతా బూజు పట్టింది.

"ఈ బూజు వాసన పోవాలె కాకా" అంది. "కానీ మా బాపు వాసన పోవద్దు."

"ఎట్లుంటది బిడ్డా ఆ వాసన?"

"కొబ్బరి నూనె, వక్కపొడి... ఏమో కాకా, చెప్పరాదు. బాపు వాసన, గంతే. అప్పుడప్పుడు వచ్చి దాని కోసమే ఈ కార్ల కూసుంట."

సరేనని తాళాలు తీసుకున్నాను. ఆమె షెడ్డు ముందు స్టూలు మీద కూర్చుంది. మ్యాట్లు పీకి బయటేసి, బకెట్లో షాంపూ కలిపి, డ్రైవరు సీటు దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగిపోయింది. ఇన్నేళ్ళూ పోగొట్టడమే నా పని. పోకపోతే మళ్ళీ కడగవచ్చు. పోతే ఏం చేస్తాను? నాలుగుసార్లు రుద్దితే ఆ పెద్దమనిషి పూర్తిగా వెళ్ళిపోతాడు, వెళ్ళిపోయాడని కూడా నాకు తెలియదు. సాయంత్రం "ఉన్నది బిడ్డా" అని చెప్పి తాళాలు ఇచ్చేయవచ్చు, అబద్ధం నాకు అలవాటే. కానీ ఆ పిల్ల తలుపు తీసి కూర్చుంటుంది కదా.

బ్రష్షు పక్కన పెట్టి వెళ్ళి చెప్పేశాను. "బిడ్డా, నాకు వాసన తెల్వది. ఎన్నో ఏండ్ల సంది తెల్వది. మా ఇంటామె చెప్తుండె. ఆమె ఇప్పుడు లేదు. కారు తీస్కపో."

కోపం తెచ్చుకుంటుందనుకున్నాను. ఆమె చున్నీ నడుముకు చుట్టుకుని లేచింది.

"నేను చెప్త. నువ్వు కడుగు కాకా."

మధ్యాహ్నం దాకా అలాగే చేశాం. నేను జానెడు రుద్దే ముందు ఆమె వంగి వాసన చూసేది. "ఇది బూజే, కడుగు." "ఇది కూడ బూజే." వెనక సీట్లు, కింది కార్పెట్టు, తలుపుల లోపలి గుడ్డ అయిపోయాయి. డ్రైవరు సీటు వీపు భాగానికి ముఖం ఆనించి "ఆగు" అంది. ఆమె భుజాలు కదిలాయి. నేను అటు తిరిగి నిలబడ్డాను. ఆ సీటును పొడిగుడ్డతో కూడా ముట్టుకోలేదు.

చెప్పడానికి సిగ్గే గాని, నాకు ఈర్ష్య పుట్టింది. కారు తలుపు తీస్తే చాలు, ఆ పిల్లకు తండ్రి ఉన్నాడు.

తాళాలు ఇచ్చేటప్పుడు "ఒక్క నిమిషం ఆగు బిడ్డా" అని, నేను ఉండే వెనక గదిలోకి వెళ్ళి కౌసల్య చీర తెచ్చాను. దినాలయ్యాక ఆమె అక్కచెల్లెళ్ళు బట్టలన్నీ మూటగట్టి ఎవరికో ఇచ్చేశారు. ఈ ఒక్కటి పరుపు కింద దాచుకున్నాను. రోజూ ముఖం మీద కప్పుకుంటాను. గుడ్డ తగులుతుంది, అంతే.

"మా ఆమెది. ఎట్లుందో జెర చెప్పు బిడ్డా. మాటల్ల చెప్పినా చాలు."

ఆమె రెండు చేతులతో అందుకుని చాలాసేపు ముఖానికి ఆనించుకుంది. మడత విప్పి కొంగు దగ్గర చూసింది, కుచ్చిళ్ళ దగ్గర చూసింది. తల ఎత్తకుండానే అడిగింది.

"కారు షాంపూ వాసనే వస్తుంది కాకా. ఉతికినవా?"

ఉతికాను. వానాకాలంలో పరుపు కింది చెమ్మకు చీర మీద నల్లమచ్చలు పడితే, పాడైపోతుందేమోనని, సీట్ల కోసం కలిపిన నీళ్ళలోనే ముంచి నేనే ఉతికాను. మచ్చలన్నీ పోయాయో లేదో ఎండలో పట్టుకుని చూసుకుని, సంతోషపడ్డాను కూడా.