అక్క ఎంచిన ఎన్లార్జరు

మా బావ మోటార్లు చుడతాడు. కాలిపోయిన మోటారు ఆయన బల్ల మీదికి వస్తే ముందు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తాడు. ఆ తర్వాతే స్క్రూడ్రైవరు తీస్తాడు. మా అక్క బట్టలు కుట్టేది. ఎక్కువగా బడిపిల్లల స్కర్టులు. నేను కూరగాయలు పండించి నా చిన్న వ్యానులో సంతకు తోలుకుంటాను. చుట్టాల్లో ఎవరింట్లో ఏ బరువు కదలాలన్నా నాకే కబురొస్తుంది. ఆ రోజు బావ నన్ను రమ్మన్నదీ అందుకే.

అక్క కుట్టేది అన్నాను. ఇప్పుడు కుట్టడం లేదు. రెండు కళ్ళలోనూ సరిగ్గా చూపు మధ్యలో మసక పట్టింది. అంచులు కనిపిస్తాయి, నడిమధ్య కనిపించదు. ఎదుటి మనిషిని చూడాలంటే తల పక్కకి తిప్పి, గింజని చూసే కోడిలా ఓరగా చూస్తుంది. అద్దాలతో పోయేది కాదనీ, ఇది మెల్లగా పెరుగుతుందనీ డాక్టరు చెప్పాడు. ఎంత మెల్లగానో ఆయనా చెప్పలేకపోయాడు.

బావకి కుర్రతనం నుంచీ కెమెరా పిచ్చి. ఫిల్ము తనే ఇంట్లో కడుగుతాడు. దానికి ఒక డబ్బా, రెండు సీసాలు చాలట. కాయితం మీద ప్రింటు వెయ్యాలంటే మాత్రం చీకటిగది కావాలి, ఎన్లార్జరు కావాలి. అది తర్వాత చూద్దాంలే అనుకుంటూనే ఏళ్ళు గడిపేశాడు. నెగటివులు బిస్కెట్ డబ్బాల్లో పేరుకున్నాయి. వాటిల్లో సగం పైగా అక్కే. మిషను దగ్గర అక్క, బట్టలారేస్తూ అక్క, విసుక్కుంటూ అక్క. ఒక్కటీ అక్క చూసుకోలేదు.

డాక్టరు దగ్గర్నుంచి వచ్చాక బావకి గాభరా పుట్టింది. ఆ చూపు ఉండగానే వాటిని కాయితం మీదికి ఎక్కించాలి. కొత్త రకం షాపులో రెండు ముద్రించి తెచ్చాడు. కాయితం తళతళా మెరిసి అక్క కంటికి గుచ్చుకుంది. ఫోను తెర అయితే సరేసరి, చూస్తే కన్నీళ్ళు కారతాయి. గరుకు కాయితం మీద, పెద్దగా, మన చేత్తో వెయ్యాలి, అంతే, అన్నాడు బావ నాతో. అక్కతో మాత్రం పొద్దుపోవడానికి ఒక పని పెట్టుకుంటున్నానని చెప్పాడు. అక్క ఊరుకుంది. నమ్మి ఊరుకోవడం వేరు, తెలిసి ఊరుకోవడం వేరు. అక్కది రెండోది.

తన కుట్టు గది ఇస్తానంది. ఆ గదికి కిటికీ ఒక్కటే, మూస్తే చీకటి. మిషను ఎలాగూ మూలన పడి ఉందిగా అంది.

పాత స్టూడియో ఒకటి తన చీకటిగది సామాను అమ్మేస్తోందని తెలిసి ముగ్గురం వెళ్ళాం. అక్కని ఇంట్లో ఉండమన్నాడు బావ. "నా గదిలోకొచ్చే సామాను నేను చూడొద్దా?" అని అక్క ముందు సీట్లో కూర్చుంది. బావ వెనకాల ఖాళీ బుట్టల మధ్య ఎక్కాడు. దారంతా టమాటా వాసన వేస్తోందని గొణిగాడు. బంగాళాదుంపల రోజు పిలవాల్సింది బావా అన్నాను.

స్టూడియో ముందు గదిలో ఫోను తొడుగుల మీద బొమ్మలు వేస్తున్నారు. యజమాని మమ్మల్ని వెనక గదిలోకి తీసుకెళ్ళాడు. ఫోటోలు కడిగే మందు వాసన ఇంకా గోడల్లోనే ఉంది. బల్ల మీద రెండు ఎన్లార్జర్లు పక్కపక్కన నిలబెట్టి ఉన్నాయి. ఎన్లార్జరంటే నిలువు కడ్డీకి తగిలించిన దీపం బుర్ర. దాని కింద నెగటివు దూర్చే చోటు, ఆ కింద హార్మోనియం తిత్తిలా ముడుచుకునే నల్లటి తిత్తి, దాని కొసన అద్దం. బుర్రని కడ్డీ మీద పైకి జరిపేకొద్దీ కింద పడే బొమ్మ పెద్దదవుతుంది.

మొదటిది కొత్తదానిలా నిగనిగలాడుతోంది. దానికో టైమరు, మీటలు, పచ్చ దీపం. రెండోది బండది. రంగు పెచ్చులూడింది, వైరు పురుగులు కొరికినట్టుంది.

బావ తిన్నగా మొదటిదాని దగ్గరికి పోయాడు. టెస్టరు తీసి ప్లగ్గు దగ్గర పెట్టాడు. ట్రాన్స్‌ఫార్మరు మూత విప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. స్విచ్చు ఇరవైసార్లు వేశాడు, తీశాడు. ఇది రాగి చుట్ట, అచ్చం కొత్తది, ఎవడో బుద్ధిమంతుడు చుట్టాడు అని నాకు చూపించాడు. ఆయన మొహం వెలిగిపోతోంది. రెండోదాని వైరు రెండు వేళ్ళతో పట్టుకుని, చచ్చిన ఎలుకని పట్టుకున్నట్టు, కింద వదిలేశాడు.

"బావా, మోటారు కొంటున్నావా, ఫోటో మిషను కొంటున్నావా?" అన్నాను.

"కరెంటు సరిగ్గా లేకపోతే ఏ మిషనైనా ఇనుప ముక్కేరా" అన్నాడు.

స్టూడియో ఆయన మధ్యలో కలగజేసుకోలేదు. ఏది నచ్చితే అది తీసుకోండి, రెండూ నాకు అన్నం పెట్టినవే అన్నాడు.

అక్క ఈలోగా బల్ల దగ్గరికి వచ్చింది. ఆమె ఏ వస్తువునీ ఇప్పుడు కంటితో మొదలుపెట్టదు. నిగనిగలాడే దాని తిత్తి మీద చెయ్యి వేసి, బొటనవేలు చూపుడువేలు మధ్య ఒక్కో మడతా పట్టి జరుపుకుంటూ పోయింది. స్కర్టు మడతలు సరిచూసేటప్పుడు ఆమె చెయ్యి అలాగే పోయేది. నాలుగు మూలలూ తడిమింది. ఒక మూల ఆగింది. మళ్ళీ వెనక్కి వచ్చి అక్కడే ఆగింది. తర్వాత పాతదాని తిత్తి కూడా అలాగే తడిమింది. ఎక్కడా ఆగలేదు.

"ఏవండీ, దీని మడతలు ఈ మూలన విరిగాయి" అంది బావతో.

బావ వంగి చూశాడు. నేనూ చూశాను. నల్లటి తిత్తి నల్లగానే ఉంది. అక్క తలుపు ముయ్యమంది. బావ ఆ మిషను దీపం వేశాడు. చీకట్లో తిత్తికి ఆ మూల వెంబడి సన్నటి వెలుతురు చుక్కలు వరసగా కనిపించాయి. పాతదాని వైరుని బావ చేత్తో పట్టుకుని, భయపడుతూనే దాని దీపం కూడా వేశాడు. దాని తిత్తి గుడ్డి చీకటి.

ఆ చుక్కల వెలుతురు కాయితం మీద పడితే బొమ్మంతా బూడిద పూసినట్టవుతుందట. ఆ మాట స్టూడియో ఆయనే చెప్పాడు. ఇది నేనూ కనిపెట్టలేదమ్మా, ఏళ్ళుగా మడిచే ఉంది అని తల గోక్కున్నాడు.

బావకి మాత్రం మనసు మొదటిదాన్ని వదలడం లేదు. టైమరు మీద చెయ్యి తియ్యకుండానే, నువ్వు కుట్టిన కుచ్చుల ముందు ఇదెంత, ఇంటికెళ్ళి కొత్త తిత్తి కుట్టెయ్యి అన్నాడు.

అక్క విరిగిన మడత మీద వేలు ఆన్చింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "తీగ మార్చడం మీకొచ్చు. పోయిన ఏడాదైతే తిత్తి కుట్టడం నాకొచ్చు. ఇప్పుడు సూదిలో దారమే ఎక్కడం లేదు."

ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. కానీ అక్క నోటితో పైకి అనగా నేను వినడం అదే మొదటిసారి. బావ టైమరు మీది చెయ్యి తీసేశాడు. బండదాన్ని పైకెత్తి బరువు చూసి, పట్టరా అన్నాడు నాతో.

స్టూడియో ఆయన ఆపి, మొదటిదాని అద్దం మర తిప్పి ఊడదీశాడు. బండదాని అద్దం లోపల బూజు ఉందనీ, మర రెండింటికీ ఒకటేననీ చెప్పి మంచిది దానికి బిగించాడు. కాయితాన్ని పాడుచెయ్యని ఎర్ర బల్బు, పటకార్లు, గరుకు కాయితం ప్యాకెట్లు కూడా తీసుకున్నాం. మందు పోసి కాయితం ముంచే ట్రేల దగ్గర మళ్ళీ చిన్న పేచీ వచ్చింది. బావ మధ్యరకం చాలన్నాడు. అక్క వాటి అంచులు మూరతో కొలిచి, అన్నిటికన్నా పెద్దవి నా చేతికిచ్చింది. వీటిల్లో పిల్లలకి నీళ్ళు పోయొచ్చు, ఇంతింత దేనికే అన్నాడు బావ. కావాలి అంది.

గది తయారుకావడానికి వారం పట్టింది. బావ వైరంతా పీకి కొత్తది వేశాడు. ఆ పనిలో మాత్రం ఈల వేశాడు. కిటికీకి నల్లగుడ్డ పరదా కావలసి వచ్చింది. ఒక పొద్దున నేను వెళ్ళేసరికి బావ గడపలో కూర్చుని, కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చి, సూదుల్లో దారం ఎక్కిస్తున్నాడు. ఎక్కించినవాటిని దిండుకి గుచ్చుతున్నాడు. అక్క ఒక్కోటీ తీసుకుని పరదా అంచు కుడుతోంది. కుట్టు వంకర పోలేదు. తడుముకుంటూ కుట్టింది కాబట్టి ఆలస్యమైంది, అంతే.

ఎన్లార్జరు బుర్ర పూర్తిగా పైకి లేపితే అటకకి కొట్టుకుంది. అక్క బట్టలు కత్తిరించే బల్ల మీద పెట్టాం దాన్ని. బల్ల కాళ్ళు కొయ్యమంది అక్క. బావ వద్దన్నాడు. ఆమె నావైపు తిరిగింది. వ్యానులో రంపం ఉంది. జానెడు కోశాను.

ఆదివారం మధ్యాహ్నం మొదటి ప్రింటు. బావ అప్పటికే నెగటివు ఎంచి పెట్టుకున్నాడు. పెళ్ళైన కొత్తలో, పెదాల మధ్య గుండుసూదులు పట్టుకుని మిషను తొక్కుతున్న అక్క. దాన్ని వెలుతురుకి పెట్టి, ఎలా ఉందో ఆమెకి చెప్పాడు.

అక్క అంతా విని, "నేను తీసింది ఒకటుండాలి" అంది.

బావ గుర్తుచేసుకున్నాడు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, కెమెరా ఆమె చేతికిచ్చాడట. ఫోటోలో తన కనుబొమల పైన తలంతా కోసేసిందట. పారెయ్యలేదు గానీ అది పనికిరాదు, నీది వేద్దాం అన్నాడు.

"నా మొహం నేనేం చేసుకోను? అద్దంలో ఇన్నేళ్ళు చూశాను" అంది అక్క. "మీదే వెయ్యండి. ఆ పెద్ద ట్రే నిండా పట్టేంత."

బావ బిస్కెట్ డబ్బాలు కిందకి దించి చాలాసేపు వెతికాడు. తల ఎత్తలేదు.

లోపలికి వెళ్ళి తలుపు వేశాక ఎర్ర బల్బు వెలుతురులో నాకూ బావకీ ఒకళ్ళ కాలు ఒకళ్ళు తొక్కుకోవడమే సరిపోయింది. అక్కకి ఆ ఇబ్బంది లేదు. ఏ ట్రే ఎక్కడుందో, పటకారు ఎటు పక్కనుందో ఆమె చేతికి తెలుసు. బావ దీపం వేసి ఆపి, కాయితాన్ని మందులోకి జార్చాడు. అక్క ట్రే అంచు పట్టుకుని, ఊయల ఊపినట్టు, ఒకే తూగున ఊపుతూ నిలబడింది. బొమ్మ తేలుతోంది. ఆ ఎర్ర మసకలో ఆమెకి ఏమీ కనిపించదు.

"వస్తున్నానా?" అంది. బొమ్మ ఆయనదని గుర్తొచ్చి, ఆమే నవ్వుకుని, "వస్తున్నారా?" అంది.

"గడ్డం దాకా వచ్చాను" అన్నాడు బావ.

కడిగి, నీళ్ళు ఓడ్చి, పెరట్లో తీగ మీద క్లిప్పులు పెట్టి వేలాడదీశాం. ఎండ వాలి నీడ పడింది. అక్క దగ్గరికెళ్ళింది. తల ఎడమకి తిప్పింది, కుడికి తిప్పింది, ఒక అడుగు వెనక్కి వేసింది. బావ గోడకి ఆనుకుని, మోటారు స్విచ్చు వేసి తిరుగుతుందా లేదా అని చెవిపెట్టేవాడిలా నిలబడ్డాడు. నేను క్లిప్పులు లెక్కపెట్టుకుంటున్నట్టు ఉన్నాను.

చాలాసేపైంది.

"చెవి కింద గ్రీజు మరక ఉంది" అంది అక్క.

బావ చెయ్యి ఠక్కున తన చెవి మీదికి పోయింది. పాతికేళ్ళ కిందటి మరక. నేను వెళ్ళి చూశాను. ఉంది. వేలి ముద్రంత.

అక్క ఇంకా కాయితం ముందే ఉంది. తల పక్కకి వంచి చూస్తూనే అడిగింది. చొక్కా, భుజాలు నాకెందుకు, మొహం ఒక్కటే ఈ కాయితం నిండా వస్తుందా అని.

దీపం బుర్ర ఇంకా పైకి పోవాలి, అటక అడ్డం, బల్ల ఇంకో జానెడు దించాలి అన్నాడు బావ. అని నావైపు చూశాడు.

నేను రంపం కోసం వ్యాను దగ్గరికి నడిచాను.