రెండు గోల్స్, మూడు పాయింట్లు

లీగ్ వాళ్లు గోల్స్ పట్టికను మధ్యాహ్నం మూడింటికి వెబ్‌సైట్‌లో పెట్టారు. మూడుంపావుకల్లా నాగవల్లి మా క్లబ్బు గదిలో ఉంది. నరసరావుపేటలో స్టేడియం పక్కన, ఒక ఎరువుల షాపు మీద ఉంటుంది ఆ గది.

"దీప్తక్కా, ఇదేంది?" అని ఫోను నా మొహం ముందు పెట్టింది.

పట్టికలో మొదటి పేరు విశాఖ జట్టు అమ్మాయిది. పన్నెండు గోల్స్. రెండో పేరు నాగవల్లిది, పదకొండు. వేలితో కిందికి జరిపి ఒకచోట ఆపింది. అపర్ణ, రెండు.

"ఆ రెండూ ఎవురు కొట్టారో నీకు తెలీదా?"

తెలుసు. పోయిన ఆదివారం మాచర్లలో నాగవల్లి కొట్టినవే. పదకొండూ రెండూ పదమూడు. మా మహిళా లీగ్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినవాళ్లకు బంగారు బూటు ఇస్తారు. దానితో పాటు జాతీయ శిక్షణ శిబిరానికి నేరుగా పిలుపు వస్తుంది. శిబిరానికి ఇరవై మూడేళ్లు దాటకూడదు. నాగవల్లికి వచ్చే నెలతో దాటిపోతాయి. వచ్చే ఏడు చూసుకుందాంలే అనడానికి లేదు.

ఆమె గోల్స్ అపర్ణ పేరు మీద పడటానికి కారణం నేను.

నేను జట్టు మేనేజర్ని. పేరు పెద్దదే గానీ నా పనంతా కాగితాలతోనే. మా నాన్న మిర్చి యార్డులో బస్తాలు మోస్తాడు. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కదాన్నే. "ఈ పిల్ల కాగితంలో తప్పు రానివ్వదు" అని కోచ్ దేవదాసు మాస్టారు నన్ను ఈ పనిలో పెట్టుకున్నారు.

మాచర్ల మ్యాచ్‌లో సగం ఆట అయ్యేసరికి మేం ఒక గోలు వెనకబడి ఉన్నాం. విరామంలో నాగవల్లి డ్రెస్సింగ్ రూముకు వచ్చి కూర్చోకుండా గోడకు ఆనుకుని నిలబడింది. మావి తెల్ల నిక్కర్లు. ఆమెకు నెలసరి వచ్చింది. మనిషికి ఒక్క జతే కుట్టించాం, రెండో జత లేదు. అపర్ణకు మోకాలి నొప్పి, అదనపు ఆటగాళ్ల జాబితాలో పేరున్నా ఆ రోజు ఆడేది లేదు. ఆమె బట్టలు సంచిలో ఉతికినవి ఉతికినట్టే ఉన్నాయి. ఇద్దరిదీ ఒకటే కొలత. చొక్కా మీదా నిక్కరు మీదా నంబరు ఉంటుంది కాబట్టి రెండూ మార్చుకోవాల్సి వచ్చింది. అలా పదో నంబరు నాగవల్లి పదహారో నంబరు అయింది.

ఇది నిబంధనలకు విరుద్ధం కాదు. నంబరు మార్పు స్లిప్పు ఒకటి రాసి నాలుగో రిఫరీకి ఇవ్వాలి, అంతే. ఆ స్లిప్పులో 'కారణం' అని ఒక గడి ఉంటుంది. నాలుగో రిఫరీ మా నాన్న వయసు మనిషి. టీ తాగుతూ నా ముందే నిలబడి ఉన్నాడు. పెన్ను ఆ గడి దగ్గర ఆగిపోయింది. గాయమని రాస్తే డాక్టరును పంపుతారు. చిరిగిందని రాస్తే చూపించమంటారు. ఉన్నది రాయడానికి నాకు చెయ్యి రాలేదు. చేతిలో ఇంకో స్లిప్పుల కట్ట ఉంది, ఆటగాళ్ల మార్పుది. దాంట్లో ఆ గడి లేదు. పది బయటికి, పదహారు లోపలికి అని రాసిచ్చాను. ఆయన సంతకం చూశాడు గానీ మనిషి మొహం చూడలేదు. అపర్ణ రెండో సగమంతా డ్రెస్సింగ్ రూములోనే కూర్చుంది. నాగవల్లి రెండు గోల్స్ కొట్టింది. గెలిచాం.

"నంబరు సంగతి చెప్పావా అక్కా?" అని ఆమె ఆ రోజే అడిగింది. చెప్పానన్నాను.

"మరి చెప్పానంటివే!" అంది ఇప్పుడు. "సరేలే, అయ్యిందేదో అయ్యింది. ఐదింటి దాకా టైముందంట. తప్పు పడిందని రాసిచ్చెయ్."

నేను నిబంధనల పుస్తకం తీసి ఆమె ముందు పెట్టాను. గోలు ఎవరు కొడితే వాళ్లదే. స్లిప్పు తప్పయితే అది ఆటగాళ్ల తప్పు కాదు, క్లబ్బు తప్పు. ఆ మ్యాచ్‌లో వచ్చిన మూడు పాయింట్లూ కోసేస్తారు.

మాకు ముప్పై ఒకటి, విశాఖకు ఇరవై తొమ్మిది. లీగ్ అయిపోయింది. సాయంత్రం ఆరింటికి కప్పు మాకిస్తారు. కప్పు గెలిచిన జట్టు జాతీయ లీగ్‌కు పోతుంది, పద్దెనిమిది మందికీ ఏడాది కాంట్రాక్టు. మూడు పాయింట్లు పోతే మాకు ఇరవై ఎనిమిది. రెండో స్థానానికి పతకం తప్ప ఏమీ రాదు.

నాగవల్లి ఆ పేజీ రెండుసార్లు చదివింది.

అప్పుడే దేవదాసు మాస్టారు, ఆయన వెనక కుంటుకుంటూ అపర్ణ వచ్చారు. మాస్టారు బల్ల మీది పుస్తకం చూశారు. ఆ రోజు నేను చేసింది ఆయనకు తెలుసు. ఊరుకోమన్నదీ ఆయనే.

"వల్లీ, కప్పు పద్దెనిమిది మందిదమ్మా. బూటు ఒకరిది" అన్నారు.

"ఆ పద్దెనిమిది మందినీ ఈడదాకా తెచ్చిన గోల్స్ ఎవురియ్యి సార్?"

"బంతి ఊరికే నీ కాలి కాడికొచ్చిందా? మన కీపరు సంజన ఆడ గోల్లో పడి పడి ఒళ్లంతా గీసుకుపోతే గదా, నువ్వు కొట్టిన గోలుకు ఇలువొచ్చింది? దానికేం అవార్డు ఇస్తన్నారు?"

"ఇయ్యకపోతే అది నా తప్పా?"

"మా నాన్న స్టేటస్ పెట్టాడే" అంది అపర్ణ మెల్లగా. "మోకాలు నొప్పిలో కూడా నా బిడ్డ రెండు కొట్టిందని గురజాలంతా చెప్పుకుంటన్నాడు."

"నొప్పితోనే రెండు కొట్టావంటే నొప్పి లేకపోతే ఇరవై కొట్టేదానివి. ఆ బంగారు బూటేదో నీకే ఇమ్మందాం" అంది నాగవల్లి.

అపర్ణ కుర్చీలో కూర్చుని కాలు చాపుకుంది. కాంట్రాక్టు వస్తే మోకాలి ఆపరేషన్ క్లబ్బు చేయిస్తుందని ఆమెకు మాటిచ్చాం. ఆ సంగతి ఆమె ఎత్తలేదు. ఎత్తకపోయినా గదిలో అందరికీ గుర్తే.

నాలుగు ఇరవై అయింది. నాగవల్లి నా వైపు తిరిగింది.

"నువ్వు చెప్పక్కా. చదువుకున్నదానివి గదా. నోరు మూసుకుంటే నా బతుకు పోద్ది. తెరిస్తే ఈళ్లందరిదీ పోద్ది. ఏం జెయ్యమంటావు?"

జవాబు చెప్పబోయాను. ఆలోచించుకో అనో, నీ ఇష్టం అనో చెప్పేదాన్ని. అప్పుడు అర్థమైంది నాకు. ఆమె ఊరుకుంటే నేను బతికిపోతాను. ఆమె అడిగితే జట్టును ముంచింది నాగవల్లి అంటారు. రెండిట్లో ఎక్కడా నా పేరు రాదు. తప్పు రాసింది మాత్రం నేను.

సవరణ ఫారం తీశాను. మాస్టారు దాని మీద అరచెయ్యి పెట్టారు.

"దీప్తీ, పద్దెనిమిది మంది నోటికాడ కూడు తీస్తన్నావు."

"అవును మాస్టారూ."

"ఇంకో గంటన్నర ఊరుకుంటే అయిపోద్ది గదమ్మా."

"నేను రాసింది అబద్ధం. వాళ్ల గెలుపు అబద్ధం కాదు, నాకు తెలుసు. అయినా ఆ పిల్ల గోల్స్ తీసి ఇంకొకరికి రాయడానికి నేనెవర్ని?"

ఆయన చెయ్యి తీయలేదు. నేనే ఫారం లాక్కున్నాను. ఈసారి కారణం గడిలో ఉన్నది ఉన్నట్టు రాశాను.

నలుగురం స్టేడియంలో లీగ్ ఆఫీసుకు వెళ్లేసరికి ఐదుకు పన్నెండు నిమిషాలు తక్కువ. కమిషనర్ గారు, ఇద్దరు గుమాస్తాలు ఉన్నారు. ఆయన ఫారం చదువుతూ చదువుతూ ఆ గడి దగ్గర ఆగి, కళ్లద్దాలు తీసి, గుమాస్తాల వైపు చూశారు.

"ఇది... రేపు మన లేడీ మెంబరు గారొస్తారు. ఆమె ముందు చూద్దామమ్మా" అన్నారు.

"రేపు గడువు ఉండదు సార్."

"అట్లాగని ఇట్టాంటిది నేనెట్టా విచారించేది?"

గుమ్మంలో నుంచి నాగవల్లి అంది. "నన్నడగండి సార్. నెలసరి. తెల్ల నిక్కరు మీద మరకైంది. అపర్ణ బట్టలు ఏసుకున్నా. రెండు కొట్టా."

గుమాస్తాల్లో ఒకాయన కంప్యూటర్ వైపు తిరిగిపోయాడు. కమిషనర్ గారు గొంతు సవరించుకున్నారు. "నువ్వు చెబితే సరిపోదమ్మా. అవి ఇప్పుడు పదహారో నంబరు అమ్మాయి పేరు మీద ఉన్నాయి. తనవి కాదని ఆ అమ్మాయి సంతకం పెట్టాలి."

అంతవరకు నాకు ఆ ఆలోచనే రాలేదు. అపర్ణ వరండాలో స్తంభం పట్టుకుని నిలబడి ఉంది. మాస్టారు ఆమె పక్కనే ఉన్నారు. ఊరికే నేల చూస్తున్నారు. గోడ గడియారంలో నాలుగు యాభై ఆరు. నాగవల్లి అపర్ణను పిలవలేదు. వెనక్కి తిరిగి చూడనైనా లేదు. ఆమె వేళ్లు బల్ల అంచును గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

నేను పిలుద్దామనుకుని ఊరుకున్నాను. ఆపరేషన్ ఆమెది. అడిగే హక్కు నాకు లేదు.

యాభై ఏడు. యాభై ఎనిమిది.

అపర్ణ లోపలికి వచ్చింది. కాలు ఈడుస్తూ బల్ల దాకా రావడానికి చాలాసేపు పట్టినట్టనిపించింది. "ఆ రోజు నేను గ్రౌండులో కాలే పెట్టలేదు సార్" అని పెన్ను తీసుకుంది. సంతకం పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా వెళ్లిపోయింది.

కమిషనర్ గారు స్టాంపు వేశారు. నాగవల్లికి పదమూడు. మా పల్నాడు క్లబ్బుకు ఇరవై ఎనిమిది.

మిగతా అమ్మాయిలు గ్యాలరీ మెట్ల మీద కూర్చుని ఉన్నారు. కప్పుతో ఫొటో దిగాలని జడలు వేసుకుని రిబ్బన్లు కట్టుకున్నారు. నాగవల్లి అటు నడవబోతుంటే నేను ఆమెను ఆపి ముందుకు వెళ్లాను. ఏ స్లిప్పు రాయాలో, ఏది రాశానో, ఎందుకు రాశానో చెప్పాను. కప్పు పోయిందని చెప్పాను.

ఎవరో ఏడుపు మొదలుపెట్టారు. గోల్ కీపర్ సంజన లేచి నిలబడింది.

"ఆ ఒక్క ముక్క రాయలేకనా అక్కా?" అంది. "మా అందరికీ వచ్చేదే గదా. ఎవురికి తెలీదని దాచావు?"

తిట్టి ఉంటే బాగుండేది.

సంజన నాగవల్లి వైపు చూసింది. "పోవే, పోయి బూటు తెచ్చుకో. మా ముందర మాత్రం తొడుక్కోబాక."

"తొడుక్కునే బూటు కాదే అది. బల్ల మీద పెట్టేది."

"అయితే నీ నెత్తిన పెట్టుకో."

ఆరింటికి విశాఖ అమ్మాయిలు కప్పు ఎత్తారు. బంగారు బూటుకు నాగవల్లిని పిలిచినప్పుడు ముందు వాళ్లే చప్పట్లు కొట్టారు. మావాళ్లలో కొందరు కొట్టారు, కొందరు కొట్టలేదు. సంజన చేతులు కట్టుకునే కూర్చుంది. నాగవల్లి బూటును చంకలో పెట్టుకుని దిగి వచ్చి, వరస చివరి కుర్చీలో కూర్చుంది. పక్క కుర్చీ ఖాళీగానే ఉంది.

కాసేపటికి అపర్ణ వచ్చి నాగవల్లి కుర్చీ దగ్గర నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. గొంతులో కోపం తగ్గలేదు.

"జరుగే అటు. కాలు చాపుకోవాలి" అంది.

నాగవల్లి జరిగింది.