నలభై ఒకటో పేజీ

నేను ఒక కథల పుస్తకాన్ని. అయితే మొదటి పేజీ నుంచి చివరిదాకా వరసగా చదివితే నా కథ అర్థం కాదు. నాలో పండు అనే జాలరి కుర్రాడు ఉన్నాడు. ఆకాశం నల్లబడ్డ రోజున వాడు వేటకు బయలుదేరతాడు. ఆ పేజీ అడుగున ఇలా ఉంటుంది: "వాణ్ని వెళ్ళనిస్తావా? నలభై ఒకటో పేజీకి వెళ్ళు. ఆపుతావా? ముప్పై ఆరుకి వెళ్ళు." ఇలాంటి మలుపులు నాలో పంతొమ్మిది ఉన్నాయి.

నన్ను రాసింది భీమిలి దగ్గర బడిలో పాఠాలు చెప్పే సూరాడ నూకరత్నం టీచర్. అచ్చాఫీసు పెద్దాయన నా పేజీలు పేర్చలేక తల పట్టుకున్నాడు. "కథన్నాక ముందుకెల్లాలి గానీ, ఇలా కప్పలాగ గెంతుతాదేటమ్మా?" అన్నాడు. మొత్తానికి మూడు వందల ప్రతులు వేశాడు. అందులో టీచర్ తన దగ్గర ఉంచుకున్న ప్రతిని నేను.

పిల్లలు నన్ను చేతులు మార్చుకుంటూ చదివారు. మనుషుల తీరు నాకు అప్పుడే తెలిసింది. దారి మీరే ఎంచుకోండి అంటే ఎగిరి గంతేస్తారు, మరుక్షణం "ఏది కరెక్టు దారి టీచర్?" అని అడుగుతారు. ఆమె ఎవరికీ చెప్పలేదు. నలభై ఒకటో పేజీలో పండు పడవ తిరగబడుతుంది, వాడు ఇక రాడు. అలా ఎందుకు రాశారని ఆమెను ఎవరూ అడగలేదు.

ముప్పై ఏళ్ళ తర్వాత హిమజ వచ్చింది. ఒకప్పుడు ఆ బడిలో నన్ను చదివిన పిల్లే. ఇప్పుడు విశాఖలో కంప్యూటర్ ఆటలు తయారుచేస్తోంది.

"దీన్ని ఆటగా చేస్తాను టీచర్. ఏదీ ఎక్కించుకోనక్కర్లేదు, ఫోన్‌లో బ్రౌజర్ తెరిస్తే చాలు. పిల్లలు వేలితో నొక్కి దారి ఎంచుకుంటారు."

"చెయ్యమ్మా. దారులు మాత్రం ఒక్కటీ తీసీకు," అంది టీచర్. హిమజ మాటిచ్చి, నన్ను వెంట తీసుకెళ్ళింది.

నా దారులన్నీ రంగు కాగితాల మీద రాసి గోడకు అంటించింది. నా ప్రతి పేజీ ఒక తెర అయింది, ప్రతి మలుపూ రెండు బొమ్మల మీటలయింది. అలల చప్పుడు కూడా చేరింది. ఆట సిద్ధమయ్యాక కొందరు పిల్లల చేత ఆడించారు. పండు మునిగిన చోట చాలామంది ఆట మూసేశారు. ఒక పాప వెక్కివెక్కి ఏడ్చింది.

"అది తీసెయ్ హిమజా. ఎవరూ మళ్ళీ తెరవరు," అన్నాడు ఆమెతో పనిచేసే క్రాంతి.

హిమజ రెండు రోజులు తటపటాయించింది. చివరికి పెద్ద ఓడ ఒకటి వచ్చి పండుని కాపాడినట్టు రాసింది. ఆ పని చేసేముందు నన్ను బల్లమీద బోర్లా పెట్టింది. పుస్తకానికి కళ్ళు ముందు అట్టమీదే ఉంటాయని ఆమె అనుకుని ఉండాలి.

ఆటకు మంచి పేరొచ్చింది. హిమజ మాత్రం రెండు వారాలు టీచర్ ఇంటివైపు వెళ్ళలేదు. చివరికి నన్ను సంచిలో పెట్టుకుని వెళ్ళింది. టీచర్ కళ్ళజోడు సర్దుకుని ఆట తెరిచింది. పండుని వెళ్ళనిచ్చింది. ఓడ వచ్చింది. టీచర్ వెనక్కి వెళ్ళి వాణ్ని మళ్ళీ వెళ్ళనిచ్చింది. మళ్ళీ ఓడే వచ్చింది. మూడోసారీ అంతే.

"ఏటమ్మా ఇది? మావోడు మునగట్లేదేటి?"

హిమజ ఒప్పేసుకుంది. "పిల్లలు ఏడుస్తున్నారని మార్చేశాను టీచర్. మీకు మాటిచ్చి కూడా... మిమ్మల్ని అడగలేదు."

టీచర్ కోప్పడలేదు. "పండంటే మా తమ్ముడు ఎల్లాజీ. మబ్బు చూసి వాడు ఎల్లనన్నాడు. నేనే పిరికోడివని ఎక్కిరించి పంపినాను. వాడు తిరిగి రాలేదు. పండుని పంపినా వచ్చీసి, ఆపినా ఉండిపోతే, మరి నేను చేసిందేటి? ఏటీ లేనట్టే గదా!"

హిమజ తలవంచుకుని ఏడ్చింది. ముప్పై ఏళ్ళు ఆ పేజీని మోసిన నాకు కూడా ఆ సంగతి అప్పుడే తెలిసింది. నన్ను చదివిన అంతమంది పిల్లల్ని ఆమె చేసిన పనే చేస్తారా అని అడిగాను కదా అనిపించింది.

మర్నాడే హిమజ ఆఫీసులో నన్ను ముందు పెట్టుకుని ఆ పేజీని ఉన్నదున్నట్టు ఆటలో పెట్టింది. క్రాంతి గొణిగాడు. ఆమె వినలేదు.

నెల తర్వాత టీచర్ హిమజ ఆఫీసుకు వచ్చింది. నన్ను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, పండుని వెళ్ళనిచ్చి, తెరమీద చివరి మాట దాకా చదివింది.

"ఈ దారిలోకొచ్చిన పిల్లలు ఏం చేత్తన్నారమ్మా?"

హిమజ లెక్క తీసి చూసింది. "కొంతమంది మూసేస్తున్నారు టీచర్. ఎక్కువమంది వెనక్కి వెళ్ళి పండుని ఆపుతున్నారు."



"ఆళ్ళకి వీలయింది," అంది టీచర్.

నన్ను ఒళ్ళోంచి తీసి హిమజ బల్లమీద పెట్టి లేచింది. ఇంటికి తీసుకుపోతుందనుకున్నాను. తీసుకుపోలేదు.